బరంపురం శివార్లలో పాడి పశువుల మేత: కాటా నుంచి తుఫాను నిల్వ దాకా

"పాలు తగ్గిపోయాయండీ, దాణా ఏం మార్చమంటారు?" అని వారానికి ఇద్దరు ముగ్గురైనా అడుగుతున్నారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "రోజుకు ఎండుగడ్డి ఎన్ని కిలోలు వేస్తున్నారు?" దాదాపు అందరి జవాబూ ఒకటే, "రెండు కట్టలు." కట్ట ఎంత తూగుతుందో ఎవరూ చూసి ఉండరు.

మాది ఒడిశాలోని బరంపురం శివారు. ఐదు జెర్సీ క్రాసు ఆవులు, మూడు గేదెలు ఉన్నాయి. ఇటు ఇచ్ఛాపురం రోడ్డు, అటు గోపాలపూర్ రోడ్డు, ఎటు చూసినా ప్లాట్లు పడ్డాయి. మేపడానికి బీడు లేదు. గడ్డి కొనాలి, దాణా కొనాలి, మిగతాది టౌను నుంచి తెచ్చుకోవాలి. మన కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి. గడ్డి కరువైతే ఆ లోటును దాణాతోనో, హోటలు అన్నంతోనో పూడుస్తాం. పాలు పెరగకపోగా పశువు పొట్ట పాడవుతుంది. అందుకే ముందు తూకం, తర్వాత గడ్డి, ఆ తర్వాతే దాణా. ఈ వరుస తప్పకుండా చదవండి.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

- వేలాడదీసే కాటా, 50 కిలోల దాకా తూగేది
- దర్జీ టేపు
- ఒక నోటుబుక్కు, దారం కట్టిన పెన్ను
- గడ్డి నరికే మిషను (చేతితో తిప్పేదైనా చాలు)
- చిరుగుల్లేని టార్పాలిన్లు రెండు
- దాణా కొలిచే డబ్బా ఒకటి. దాంట్లో కిలో దాణా పోసి, ఎంతవరకు వచ్చిందో పెయింటుతో గీత పెట్టండి

దాణా మారితే గీత కూడా మారుతుంది. తవుడు ఎక్కువున్న దాణా తేలిక, చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) ఎక్కువున్నది బరువు. కొత్త బస్తా విప్పిన ప్రతిసారీ ఒకసారి తూచి చూసుకోవాలి.

2. పశువు బరువు కట్టడం

మేత లెక్కకు పశువు బరువు కావాలి. లారీ కాటా అక్కర్లేదు, టేపు చాలు.

పశువును చదునైన నేల మీద నిలబెట్టండి. ముందు కాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. తర్వాత భుజం మొన నుంచి తోక పక్కన పొడుచుకొచ్చే ఎముక దాకా పొడవు కొలవండి. రెండూ అంగుళాల్లోనే ఉండాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో సుమారు బరువు వస్తుంది.

మా శాలలో ఒక ఆవుకు చుట్టుకొలత 66, పొడవు 56. 66 × 66 × 56 ÷ 660 అంటే దగ్గర దగ్గర 370 కిలోలు. కంటితో చూసి నేను 300 అనుకున్నాను. 70 కిలోల తేడా అంటే రోజుకు రెండు కిలోల మేత తేడా. ఇన్నాళ్లూ దాన్ని అర్ధాకలితో ఉంచానని ఆ టేపు చెప్పేదాకా తెలియలేదు.

3. రోజుకు ఎంత మేత

పాలిచ్చే ఆవు తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం ఎండు పదార్థం తింటుంది. ఎండు పదార్థం అంటే మేతలోని నీరు తీసేయగా మిగిలేది. ఎండుగడ్డిలో, దాణాలో నూటికి 90 పాళ్లు అదే. పచ్చగడ్డిలో 20 పాళ్లే, మిగతా 80 నీళ్లు.

దాణా లెక్క:

- ఒంటి పోషణకు ఒకటి నుంచి ఒకటిన్నర కిలోలు
- ఆవుకు ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో
- గేదెకు ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో
- చూడి పశువుకు ఏడో నెల నుంచి అదనంగా ఒకటిన్నర కిలోలు

ఇప్పుడు ఆ 370 కిలోల ఆవునే తీసుకుందాం. రోజుకు 10 లీటర్లు ఇస్తోంది. దానికి ఎండు పదార్థం సుమారు 11 కిలోలు కావాలి. దాణా ఒకటిన్నర, పాలకు నాలుగు, మొత్తం ఐదున్నర కిలోలు. అందులో ఎండు పదార్థం 5 కిలోలు. మిగిలిన 6 కిలోలూ గడ్డి నుంచే రావాలి. 15 కిలోల పచ్చగడ్డి వేస్తే 3 కిలోలు, మూడున్నర కిలోల ఎండుగడ్డి వేస్తే ఇంకో 3. సరిపోయింది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. మొత్తం ఎండు పదార్థంలో కనీసం సగం గడ్డి నుంచి రావాలి. నెమరు నడిచేది గడ్డితోనే. నెమరు వేసినప్పుడు ఊరే లాలాజలమే పొట్టలో పులుపును అదుపులో ఉంచుతుంది. గడ్డి తగ్గించి దాణా పెంచితే నాలుగు రోజులు పాలు పెరిగినట్టే కనిపిస్తాయి. తర్వాత వెన్న శాతం పడిపోతుంది, మేత విడుస్తుంది, గిట్టలు నొప్పి పెడతాయి.

నీళ్లు ఎప్పుడూ తొట్టిలో ఉండాలి. పది లీటర్ల ఆవు ఎండాకాలంలో వంద లీటర్ల దాకా తాగేస్తుంది. రెండు పూటలా కుడితి పెట్టి నీళ్ల పని అయిపోయిందనుకుంటే పాలు అక్కడే తగ్గుతాయి.

4. ఎండుగడ్డికి బలం ఎక్కించడం

మన గంజాం జిల్లా అంటే వరి. మనకు చవకగా, ఏడాదంతా దొరికేది వరిగడ్డే (గడ్డి బండి వాళ్లు నడా అంటారు). కానీ దాంట్లో ప్రొటీను మూడు నాలుగు శాతమే. ఇసుకలాంటి సిలికా ఎక్కువ, అందుకే సరిగ్గా అరగదు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. ఉత్త వరిగడ్డి మీద బతికే పశువు కడుపు నిండుగానే కనిపిస్తుంది, ఒళ్లు మాత్రం పట్టదు.

దీనికి మంచి ఉపాయం యూరియాతో మాగబెట్టడం. ప్రొటీను ఇంచుమించు రెట్టింపవుతుంది, గడ్డి మెత్తబడి ఎక్కువ తింటాయి. పద్ధతి తప్పితే ప్రమాదం కాబట్టి నెమ్మదిగా చదవండి.

కావలసినవి: 100 కిలోల ఎండుగడ్డి, 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు, చిల్లుల డబ్బా, టార్పాలిన్.

1. యూరియాను కాటా మీద తూచండి. దోసిళ్ల లెక్క వద్దు.
2. నీళ్లలో పూర్తిగా కరిగే దాకా కలపండి. అడుగున ఒక్క పలుకు కూడా మిగలకూడదు. ఈ నీళ్లు పశువు నోటికి అందితే ప్రాణం మీదికి వస్తుంది, బకెట్టు వదిలి అటూ ఇటూ వెళ్లకండి.
3. చదునైన నేల మీద టార్పాలిన్ పరిచి 20 కిలోల గడ్డి పొరగా వేయండి. దాని మీద 10 లీటర్ల యూరియా నీళ్లు సమానంగా చల్లండి.
4. కాళ్లతో బాగా తొక్కండి. లోపల గాలి ఎంత తగ్గితే అంత మంచిది.
5. ఇలాగే ఐదు పొరలు. పైన ఇంకో టార్పాలిన్ కప్పి అంచులన్నీ తడిమట్టితో మెత్తేయండి.
6. మూడు వారాలు తెరవకండి.

తెరిచిన రోజు మొహం దూరంగా పెట్టుకోండి, ఘాటు కళ్లలోకి కొడుతుంది. ఆ ఘాటు ఉందంటే బాగా మాగిందన్నమాట. గడ్డి తేనెరంగులోకి తిరిగి, చేత్తో నలిపితే మెత్తగా నలుగుతుంది. ఘాటు లేకుండా ముక్క వాసన వేసి, తెల్లటి బూజు అక్కడక్కడా కనిపిస్తే మూత సరిగ్గా పడలేదు. బూజు పట్టిన భాగాన్ని పెంటకుప్పలో పారేయాల్సిందే, కడిగి పెడదామనుకోకండి.

రేపటికి కావలసినంత ఈ సాయంత్రమే తీసి ఆరబోయండి. మిగతాది మళ్లీ కప్పేయండి. మొదటిరోజు మామూలు గడ్డిలో కిలో మాత్రమే కలిపి, వారం పది రోజుల్లో పెంచుకుంటూ పోండి. ఆరు నెలల లోపు దూడలకు ఇది అస్సలు పెట్టకూడదు.

వారం తర్వాత మా పెద్ద గేదె తొట్టి అడుగు నాకడం చూశాను. అంతకుముందు రోజూ అదే తొట్టిలోంచి బారెడు బారెడు గడ్డి ఏరి పారేసేవాళ్లం.

మాగబెట్టడం కుదరని వాళ్లు కనీసం గడ్డిని అంగుళం ముక్కలుగా నరికి వేయండి. వృథా బాగా తగ్గుతుంది.

5. పచ్చగడ్డి: ఉన్న కాస్త జాగాలోనే

మన వైపు గుంట అంటే నాలుగు సెంట్లు. ఒక ఆవుకు రెండున్నర గుంటల సూపర్ నేపియర్ గడ్డి గానీ, సి.ఓ. 4 లేదా సి.ఓ. 5 రకం నేపియర్ గానీ ఉంటే చాలు. నీటి వసతి మాత్రం ఉండాలి. రెండు కణుపులున్న ముక్కలను మూడడుగుల సాళ్లలో రెండడుగులకొకటి నాటండి. ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన. శాల కడిగిన నీళ్లు అటు మళ్లిస్తే ఎరువు ఖర్చు చాలావరకు తప్పుతుంది.

మొదటి కోత 70 రోజులకు, తర్వాత ప్రతి 45 రోజులకు. తొందరపడి లేతగా కోస్తే పేడ పల్చబడుతుంది. ఆలస్యం చేస్తే కాడ ముదిరి చెరకులా అయిపోతుంది, ఆకులు తిని కాడలు వదిలేస్తాయి. మడిని ఆరు భాగాలు చేసుకుని వారానికొక భాగం కోస్తే ఏడాదంతా గడ్డి చేతికొస్తూనే ఉంటుంది.

గట్ల మీద అవిశ, సాళ్ల మధ్య అలసంద వేయండి. ప్రొటీను అక్కడ దొరుకుతుంది, చెక్క ఖర్చు తగ్గుతుంది.

పశుగ్రాసపు జొన్న వేసేవాళ్లకు ఒక హెచ్చరిక. లేత జొన్నలో, వానల్లేక వాడిన జొన్నలో విషం ఉంటుంది. పూత దశకు వచ్చాకే కోయండి.

టౌను మురుగు కాలువల వెంట ఏపుగా పెరిగే గడ్డి చూసి చాలామంది ఆశపడతారు. ఊరి మురుగంతా తాగి పెరిగిన గడ్డి అది. దాని పాలు మన పిల్లలే తాగాలి. వద్దు.

6. దాణా ఇంట్లో కలుపుకోవడం

100 కిలోలకు:

- మొక్కజొన్న రవ్వ: 35 కిలోలు (ఇందులో 10 కిలోల దాకా నూకలు కలపవచ్చు)
- వేరుశనగ చెక్క, లేదా దాంతో పాటు నువ్వు చెక్క: 30 కిలోలు
- తవుడు, మినప పొట్టు, కంది పొట్టు కలిపి: 32 కిలోలు
- ఖనిజ లవణ మిశ్రమం: 2 కిలోలు
- ఉప్పు: 1 కిలో

ఇలా కలిపితే ప్రొటీను 19 శాతం దాకా వస్తుంది. కొట్టుకు వెళ్లినప్పుడు ఒడియాలో తవుడును కుండా అని, చెక్కను పిడియా అని అడగండి. అన్ని చెక్కలూ తినేవి కావు. ఇప్ప చెక్కలో విషం ఉంటుంది, పొరపాటున కూడా దాణాలో కలపకండి.

మిల్లు తవుడు రెండు వారాలకు మించి నిల్వ పెట్టకండి. దాంట్లో నూనె ఉంటుంది, త్వరగా చేదెక్కుతుంది. నాలుక మీద చిటికెడు వేసుకుని చూస్తే తెలిసిపోతుంది.

చెక్క కొనేటప్పుడు విరిచి లోపల చూడండి. పచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లటాక్సిన్ పశువు కాలేయాన్ని పాడుచేస్తుంది, అక్కడితో ఆగక పాలలోకి దిగుతుంది. కిలో పాలలో అది 0.5 మైక్రోగ్రాములు మించకూడదని ఆహార భద్రతా నిబంధన. కాచినా పోదు. మనం టౌనులో పాలు పోసే ఇళ్లలో పసిపిల్లలుంటారు.

కంపెనీ దాణా కొంటే బస్తా మీద బి.ఐ.ఎస్. (భారత ప్రమాణాల సంస్థ) వారి ఐ.ఎస్. 2052 టైపు 1 లేదా టైపు 2 అని ఉందో చూడండి. మొదటిదాంట్లో ప్రొటీను కనీసం 22 శాతం, రెండోదాంట్లో 20. తేమ 11 శాతం దాటకూడదు.

బస్తాలు నేల మీద, గోడకు ఆనించి పెట్టకండి. సముద్రపు గాలికి మన దగ్గర బస్తా అడుగు వారంలో చెమ్మగిల్లుతుంది. చెక్క పలకల మీద, గోడకు అడుగు ఎడంగా పేర్చండి.

7. టౌను నుంచి వచ్చే మేత: ఏది పెట్టొచ్చు, ఏది వద్దు

కూరగాయల మార్కెట్టులో సాయంత్రం క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు ఊరికే దొరుకుతాయి. పెట్టవచ్చు. అయితే దాంట్లో తొంభై పాళ్లు నీళ్లేనని మరవద్దు. పశువుకు రోజుకు ఐదారు కిలోలు దాటకుండా, ఎండుగడ్డితో కలిపి, కడిగి వేయండి. ఉల్లిపాయలు, మొలకెత్తి పచ్చబడిన బంగాళాదుంపలు, బూజు పట్టినవి వద్దు.

గంపను నేల మీద గుమ్మరించి చేత్తో వెదకడం తప్పనిసరి. రబ్బరు బ్యాండ్లు, క్యారీ బ్యాగులు, తీగ ముక్కలు, స్టేపుల్ పిన్నులు అన్నీ ఉంటాయి. ఆవు నమిలి చూసి మింగదు, నాలుకతో చుట్టి మింగేస్తుంది. మింగిన తీగ గుండె దాకా గుచ్చుకునే ప్రమాదముంది.

ఇక పెళ్లి అన్నం. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

ఒక పెళ్లిళ్ల సీజనులో రెండు తపేళాల అన్నం, సాంబారు ఎవరో ప్రేమగా పంపించారు. పారేయడం ఎందుకని మా పనివాడు రాత్రి ఆవులకు వేశాడు. నేను ఇంట్లో లేను. తెల్లవారేసరికి ఒకటి నెమరు మానేసి తల వేలాడేసుకుని నిలబడింది. ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కితే లోపల కుండలో నీళ్లు కదిలినట్టు గళగళ శబ్దం. పళ్లు కొరుకుతోంది. పేడ బూడిదరంగులో నీళ్లగా, పులిసిన వాసనతో. డాక్టరు వచ్చి మందులిచ్చి సెలైన్ ఎక్కించేసరికి పడిపోయింది. మూడో రోజుకు లేచింది గానీ ఆ ఈతలో పాలు మళ్లీ పాత స్థాయికి రాలేదు.

ఉడికిన అన్నం పొట్టలో ఒక్కసారిగా పులిసి ఆమ్లమైపోతుంది. అందుకని:

- ఖాళీ కడుపున అన్నం వద్దే వద్దు
- పెట్టక తప్పకపోతే గడ్డి తిన్నాక, ఒక్కో పశువుకు కిలో లోపు
- పులిసిన అన్నం, పప్పు, స్వీట్లు దూడలకు అసలు వద్దు
- అన్నం తపేళాలు పశువుకు అందని చోట, తలుపు వేసి పెట్టాలి

పశువు అన్నం గానీ దాణా బస్తా గానీ మీద పడి తినేసిందని తెలిసిన వెంటనే, లక్షణాల కోసం ఎదురు చూడకుండా డాక్టరుకు ఫోను చేయండి. అప్పటిదాకా ఎండుగడ్డి తప్ప ఏమీ వేయకండి. తినే సోడా తాగించాలా, ఎంత తాగించాలి అన్నది డాక్టరునే అడగండి.

8. రోజు ఎలా నడవాలి

పాలు పిండక ముందు కాస్త ఎండుగడ్డి. పిండేటప్పుడు దాణాలో ఒక వంతు. పిండాక పచ్చగడ్డి. మధ్యాహ్నం ఎండుగడ్డి, విశ్రాంతి. సాయంత్రం మళ్లీ అదే వరుస. రాత్రికి తొట్టి నిండా ఎండుగడ్డి.

ఒక పూటకు రెండున్నర కిలోలకు మించి దాణా పెట్టకండి. రోజుకు ఐదున్నర కిలోల దాణా తినే ఆవుకు మధ్యాహ్నం కూడా కలిపి మూడు పూటలుగా పంచాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కపోతలో పగలు ముట్టవు. మేతలో ఎక్కువ భాగం తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయండి.

దాణా మార్చాలన్నా, గడ్డి మార్చాలన్నా పది రోజులు పట్టాలి. మొదటి మూడు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత సగం, ఆ తర్వాత ముప్పావు.

9. ఏదో తేడా వచ్చింది, ఏం చూడాలి

మధ్యాహ్నం శాలలోకి వెళ్లి ఊరికే ఐదు నిమిషాలు నిలబడండి. పడుకున్న వాటిలో సగానికి పైగా నెమరు వేస్తూ ఉండాలి. ఒక ముద్దను 50కి పైగా నమలాలి, లెక్కపెట్టండి.

పేడ చూడండి. గంజి గడ్డకట్టినట్టు నేల మీద గుండ్రంగా పడి మధ్యలో చిన్న గుంట ఏర్పడితే అంతా బాగున్నట్టే. పిడికెడు పేడను పాత జల్లెడలో వేసి నీళ్లతో కడిగితే లోపలి సంగతి తెలుస్తుంది. మొక్కజొన్న పలుకులు అలాగే మిగిలితే రవ్వ లావుగా ఉంది, లేదా గడ్డి చాలక మేత తొందరగా జారిపోతోంది.

- వెన్న తగ్గింది: గడ్డి తగ్గి ఉంటుంది. నరికిన ఎండుగడ్డి కిలో పెంచి వారం చూడండి.
- వెన్న బాగుంది, ఎస్.ఎన్.ఎఫ్. (పాలలో వెన్న కాక ఉండే ఘన పదార్థం) తగ్గింది: తిండి మొత్తంగా చాలడం లేదు. మొక్కజొన్న రవ్వ అరకిలో పెంచండి.
- గోడలు, తాళ్లు, మట్టి నాకుతోంది: ఖనిజ మిశ్రమం, ఉప్పు అందడం లేదు. రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు లెక్కన చూసుకోండి. దాణాలో ఇప్పటికే కలిపినదాన్ని ఇందులోంచి తీసేయండి.
- ఎదకు రావడం లేదు, పక్కటెముకలు కనిపిస్తున్నాయి: ముందు నట్టల మందు, తర్వాత తూకం. ఇంజక్షన్ ఆలోచన ఆ తర్వాతే.
- ఈనిన ఒకటి రెండు రోజుల్లో మెడ పక్కకు తిప్పి పడుకుంది, చెవులు చల్లబడ్డాయి: ఇది పాలజ్వరం. గంటల్లో ప్రాణం పోతుంది, వెంటనే డాక్టరు రావాలి. నోట్లో ఏమీ పోయకండి.

డాక్టరు ఎవరూ దొరక్కపోతే పశు వైద్య సంచార వాహనానికి 1962 నంబరు ఉంది. ఫోనులో ముందే సేవ్ చేసుకోండి.

10. అక్టోబరు నిల్వ

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ, పలాస దగ్గర. దసరా అంటే మనకు తుఫాను నెల కూడా. అప్పటికి పాత గడ్డి అయిపోవస్తుంది, కొత్త వరి ఇంకా చేలో ఉంటుంది. కుప్ప తడిసిందంటే కొత్త గడ్డి దాకా గతి లేదు.

సెప్టెంబరు నెలాఖరుకల్లా:

- రెండు వారాలకు సరిపడా ఎండుగడ్డి (అప్పుడు పచ్చగడ్డి దొరకదనుకుని, మన లెక్క ఆవుకు రోజుకు ఏడు కిలోల చొప్పున వంద కిలోలు) రాళ్ల మీద ఎత్తుగా పేర్చి, టార్పాలిన్ కప్పి, తాళ్లు రెండు వైపులా రాతికి కట్టాలి
- రెండు వారాల దాణా మూత ఉన్న డ్రమ్ముల్లో
- కరెంటు పోతే మోటారు నడవదు, ఉన్న డ్రమ్ములన్నీ నీళ్లతో నింపాలి
- గాలి మొదలయ్యే ముందు పలుపులు విప్పాలి. కట్టేసి ఉన్న పశువు మీద రేకు పడితే తప్పించుకోలేదు

వాన తగ్గాక తడిసిన కుప్పను అలాగే వదలకండి. అదే రోజు విప్పి పల్చగా ఆరబోయండి. కుప్ప మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలితే లోపల కుళ్లు మొదలైంది, ఆ భాగం ముందు బయటికి లాగాలి. వరద నీటిలో మునిగిన పచ్చగడ్డిని బురద పోయేలా కడిగి, ఒక పూట ఎండలో వాడ్చి, మొదట ఒక్క పశువుకు కొద్దిగా వేసి చూడండి. మర్నాడు దాని పేడ చూశాకే మిగతా వాటికి.